గొంతు తగ్గించినప్పుడే పిల్లలు వింటారు

(న్యూజెర్సీలో తెలుగు తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో ఒక స్కూల్ కౌన్సిలర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని పక్క గదిలో కూర్చోబెట్టారు కదా? మంచిది. ఇవి పిల్లల ముందు మాట్లాడకూడని మాటలని కాదు. పిల్లల ముందు మాట్లాడాల్సినవే. కానీ మొదట పెద్దవాళ్లం మనం ఒకసారి మాట్లాడుకుందాం.

నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడి పబ్లిక్ స్కూళ్లలో పనిచేస్తున్నాను. మొదటి తొమ్మిదేళ్లు కిండర్‌గార్టెన్ టీచర్‌ని. ఆ తర్వాత హైస్కూల్లో కౌన్సిలర్‌ని. అంటే ఐదేళ్ల పిల్లల్నీ చూశాను, పదిహేడేళ్ల పిల్లల్నీ చూశాను. నా దగ్గర క్రేయాన్లు పట్టుకున్నవాళ్లే కొందరు మళ్లీ కాలేజీ అప్లికేషన్లు పట్టుకుని వచ్చారు.

క్రేయాన్ల దగ్గరే మొదలుపెడతాను. స్కూల్ తెరిచిన మొదటి నెలలో పిల్లల చేత ఎవరి బొమ్మ వాళ్లనే గీయిస్తాం. తల్లిదండ్రులు వచ్చే సాయంత్రానికి అవన్నీ గోడకి అంటిస్తాం. ఒక ఏడాది ఒకావిడ, మన తెలుగావిడే, కూతురి బొమ్మ ముందు ఆగింది. పాప మంచి చామనచాయ, నల్లటి ఒత్తు జుట్టు. బొమ్మలో ముఖమంతా పీచ్ రంగు, జుట్టేమో పసుపు. ఆవిడ నవ్వుతూ నా వైపు తిరిగి, "చూశారా, ఎంత తెల్లగా వేసుకుందో!" అంది. పాప తలెత్తి వాళ్లమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ నవ్వుతోంది. తనూ నవ్వింది. నేనూ నవ్వాను. అది మీకు చెప్పాలి. నేను కూడా నవ్వాను.

ఆ పీచ్ క్రేయాన్ పేరు 1962 దాకా ఏంటో తెలుసా? ఫ్లెష్. అంటే ఒంటి రంగు. ఎవరి ఒంటి రంగండీ? క్రేయోలా వాళ్లు 1962లో ఆ పేరు తీసేసి పీచ్ అని పెట్టారు. 1992లో రకరకాల ఒంటి రంగులతో వేరే పెట్టె తెచ్చారు, 2020లో 24 రంగులతో ఇంకోటి తెచ్చారు. సంతోషం. కానీ నా క్లాసులో ఒక పాప "ఆ స్కిన్ కలర్ ఇటివ్వు" అంటే పక్క పిల్లలు ఏది తీసి ఇచ్చేవారో చెప్పండి. పీచే. ఆ పేరు పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ పిల్లలకి ఐదేళ్లు. క్రేయాన్ మీద ఆ మాట లేదు. మరి ఎవరు నేర్పారు?

ఎవరూ నేర్పలేదు, అందరూ నేర్పారు. ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

అసలు దీన్ని తెలుగులో ఏమనాలో చూడండి. రేస్ అన్న మాటకి మనం జాతి అంటాం. కానీ జాతి అంటే మనకి ఎన్ని ఉన్నాయి? జాతీయ జెండాలో ఉన్నదీ జాతే, స్త్రీ జాతి అన్నప్పుడూ జాతే, ఒక్కోసారి కులం అనడానికి మొహమాటపడి కూడా జాతి అనేస్తాం. పోనీ వర్ణం అందామా? అది రంగూ అవుతుంది, చాతుర్వర్ణమూ అవుతుంది. కాబట్టి నేను రేస్ అనే అంటాను. మన ఇళ్లలో కూడా పిల్లలు ఆ మాటే వాడతారు. వాడేది వాళ్లు మాత్రమే అన్నది వేరే విషయం.

మీలో చాలామంది ఎప్పుడొచ్చారు ఇక్కడికి? ఇరవై మూడు, ఇరవై అయిదు? చేతులెత్తండి. ఆ, దాదాపు అందరూ. అంటే మీరు విమానం దిగేటప్పటికి మీరెవరో మీకు తెలుసు. మీ ఊరు, మీ భాష, మీ ఇంటిపేరు, మీ తాతగారు ఏం చేసేవారు, అన్నీ తెలుసు. ఇక్కడ ఎవడో పార్కింగ్ దగ్గర ఒక మాట అన్నాడనుకోండి. బాధేస్తుంది. ఇంటికొచ్చి "వాడికి బుద్ధి లేదు" అనుకుని పడుకుంటారు. ఆ మాట మీకు తగిలింది కానీ మీ లోపలికి పోలేదు. లోపల అప్పటికే మీరు ఉన్నారు.

అదే మాట మీ ఎనిమిదేళ్ల వాడు విన్నాడనుకోండి. వాడి లోపల ఇల్లు ఇంకా కడుతున్నారు. ఆ మాట గోడలో ఇటుక అవుతుంది. మనకి తగిలిన దెబ్బ, వాళ్లకి తగిలే దెబ్బ ఒకటే అనుకుని "నేను పట్టించుకోలేదు, నువ్వూ పట్టించుకోకు" అంటాం. మనం పట్టించుకోకుండా ఉండగలిగింది మన గొప్పతనం వల్ల కాదండీ. మనం వేరే చోట తయారై వచ్చాం, అంతే.

"మాకెందుకమ్మా ఇవి, రేస్ అంటే తెల్లవాళ్లు, నల్లవాళ్ల గొడవ" అని నాతో చాలామంది అన్నారు. కాదు. ఈ దేశం మనల్ని వంద ఏళ్లకు పైగా ఏదో ఒక గడిలో పెడుతూనే ఉంది. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో మనవాళ్ల రేస్ ఏమని రాశారో తెలుసా? హిందూ. సిక్కులైనా, ముస్లింలైనా హిందూనే. 1970లో మనల్ని తెల్లవాళ్లలో కలిపి లెక్కేశారు. 1980లో ఏషియన్ ఇండియన్ అని గడి పెట్టారు. మనిషి అదే మనిషి. చర్మం అదే చర్మం. గడి మారింది.

భగత్ సింగ్ థింద్ అని ఒక పంజాబీ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్లకి, ఆఫ్రికా సంతతి వాళ్లకి తప్ప బయటి నుంచి వచ్చిన ఇంకెవరికీ పౌరసత్వం రాదు. 1922 నవంబరులో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఒంటి రంగు తెల్లగా ఉంటే చాలదు, తెల్లవాళ్లంటే కాకేసియన్లు అనే రేస్ వాళ్లు అంది. సరే, పండితులు మమ్మల్ని కాకేసియన్లలోనే కలిపారు కదా అని థింద్ వాదించాడు. మూడు నెలలు దాటగానే, 1923 ఫిబ్రవరిలో, అదే కోర్టు ఏమంది? పండితుల మాట వదిలెయ్, మామూలు మనిషి నిన్ను చూసి తెల్లవాడు అనడు, కాబట్టి కాదు అంది. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం ఉన్న మనవాళ్లలో కొందరికి దాన్ని రద్దు కూడా చేశారు.

ఆ రోజుల్లోనే బోస్టన్‌లో దిగాడు మన భీమవరంలో పుట్టిన మనిషి. యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ గదిలో ఆయన పేరు తెలియని వాళ్లు లేరు. మన పిల్లలకి చెప్పేటప్పుడు ఆయన మందులు చెప్తాం, పరిశోధనలు చెప్తాం. ఆయన దిగిన రోజుల్లోనే ఈ దేశపు పెద్ద కోర్టు, నీలాంటి వాడు ఇక్కడి పౌరుడు కాలేడు అని చెప్పిందన్నది ఎప్పుడైనా చెప్పామా? భారతీయులకి ఆ తలుపు తెరిచింది 1946లో. ఆయన 1948లో కన్నుమూశారు, అమెరికా పౌరుడు కాకుండానే. ఇది ఏడిపించే కథ కాదు, పిల్లలకి కావలసిన కథ. ఎందుకంటే స్కూల్లో ఎవరో "నువ్వు నిజంగా ఎక్కణ్నుంచి వచ్చావు?" అన్నప్పుడు, ఈ ప్రశ్న నా వల్ల పుట్టలేదు, నాకంటే ముందు నుంచే ఉంది అని ఆ పిల్లకి తెలియాలి కదా.

"ఇంత చిన్నపిల్లలకి ఏం అర్థమవుతుందండీ, మనమే లేనిపోనివి బుర్రలో పెడుతున్నాం" అంటారు. పుట్టిన పసిబిడ్డకి ఏ ముఖమైనా ఒకటే. మూడు నెలలు వచ్చేసరికి తన చుట్టూ ఎక్కువగా కనిపించే ముఖాల్లాంటి వాటినే ఎక్కువసేపు చూస్తుంది. 2005, 2006 ప్రాంతంలో వచ్చిన పరిశోధనల్లో ఇది బయటపడింది. వాటిలో నాకు బాగా నచ్చింది ఇజ్రాయెల్లో చేసినది. ఇథియోపియా నుంచి అక్కడికి వెళ్లిన కుటుంబాల పసిపిల్లల్ని చూశారు. ఇంట్లో నల్లటి ముఖాలు, బయట తెల్లటి ముఖాలు, రెండూ చూస్తూ పెరుగుతున్న పిల్లలు. వాళ్లకి ఏ పక్షమూ లేదు. రెండు రకాల ముఖాలనీ ఒకేలా చూశారు. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చేది కాదు. మనం ఏం చూపిస్తే అది. మీ ఇంటికి భోజనానికి ఎవరెవరు వస్తారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. నన్ను కూడా కలిపే అంటున్నాను.

బొమ్మల పరీక్ష గురించి కొందరు వినే ఉంటారు. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అని ఇద్దరు నల్లజాతి సైకాలజిస్టులు, భార్యాభర్తలు. 1940ల్లో 253 మంది నల్లజాతి పిల్లల ముందు, మూడు నుంచి ఏడేళ్ల వాళ్ల ముందు, నాలుగు బొమ్మలు పెట్టారు. రంగు తప్ప అన్నీ ఒకటే. ఆడుకోవడానికి ఏ బొమ్మ ఇస్తావు? మంచి బొమ్మ ఏది? చెడ్డ బొమ్మ ఏది? ఆడుకోవడానికి దాదాపు మూడింట రెండొంతుల మంది తెల్ల బొమ్మనే అడిగారు. ఆఖరి ప్రశ్న: నీలా ఉన్న బొమ్మ ఏది? అప్పటిదాకా గోధుమరంగు బొమ్మని చెడ్డది అన్న పిల్ల ఇప్పుడు దాన్నే చూపించాలి. కొందరు ఏడుస్తూ గదిలోంచి పరుగెత్తారు. నల్ల పిల్లలకీ తెల్ల పిల్లలకీ వేరే స్కూళ్లు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పని ప్రస్తావన ఉంది.

అంతవరకూ అందరూ చెప్తారు. ఎక్కువమంది చెప్పనిది ఒకటుంది. ఆ పిల్లల్లో సగం మంది దక్షిణాన ఆర్కన్సాలో, నల్లపిల్లలకి మాత్రమే ఉన్న స్కూళ్లలో చదివేవారు. మిగతావాళ్లు ఉత్తరాన మసాచుసెట్స్‌లో అందరితో కలిసి చదివేవారు. తెల్ల బొమ్మని ఎక్కువగా కోరుకున్నది ఎవరు? కలిసి చదివేవాళ్లే. కొంచెం తేడానే, కానీ వాళ్లే. కలిపి కూర్చోబెట్టడం తప్పని నేను అనడం లేదు, దయచేసి అలా తీసుకోకండి. కూర్చోబెట్టి ఊరుకుంటే చాలదు అంటున్నాను. "మా పిల్లల స్కూల్లో అన్ని దేశాల వాళ్లూ ఉన్నారండీ, మాకా సమస్య లేదు" అని చెప్పే తల్లిదండ్రులకి నేను ఈ సంగతే చెప్తాను.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. కొంచెం కష్టంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పిల్లలకి రేస్ గురించి తల్లిదండ్రులు ఏమేం నేర్పుతారని డయాన్ హ్యూస్ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్లు 2006లో నాలుగు రకాలుగా విడదీశారు. మన సంస్కృతి, మన గొప్ప చెప్పడం ఒకటి. బయట వివక్ష ఉంటుంది, ఇలా తట్టుకోవాలని సిద్ధం చెయ్యడం రెండోది. ఫలానా వాళ్లని నమ్మొద్దు అనడం మూడోది. అందరూ సమానమే, కష్టపడితే చాలు అనడం నాలుగోది. మొదటిదాంట్లో మనకి నూటికి నూరు. డాన్సు, పాట, భాష, పండగలు, దేనికీ లోటు లేదు. నాలుగోది రోజూ చెప్తాం. రెండోది? అసలు చెప్పం. మూడోది చెప్పడం లేదనుకుంటాం కానీ అదీ చెప్తాం. గొంతు తగ్గించి చెప్తాం.

కారులో వెళ్తుంటాం. ఒక వీధి వస్తుంది. అమ్మ చెయ్యి తలుపు లాక్ మీదకి పోతుంది. మాట లేదు, టిక్కుమని చప్పుడు మాత్రమే. వెనక సీట్లో పిల్లాడు కిటికీలోంచి చూస్తాడు, ఆ వీధిలో నడిచేవాళ్లు ఏ రంగులో ఉన్నారో. ఇల్లు కొనేటప్పుడు "స్కూల్ రేటింగ్ ఎంత" అని గట్టిగా అడుగుతాం. "అక్కడ ఎవరుంటారు" అని మాత్రం మెల్లగా అడుగుతాం. "నల్లోళ్లు" అనే మాట మన పార్టీల్లో ఎంత తేలిగ్గా దొర్లుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పక్కన ఫోన్ చూసుకుంటున్న పిల్లకి తెలుగు రాదనుకుంటాం. ఆ ఒక్క మాట వచ్చండీ. నా ఆఫీసులో కూర్చుని పదో తరగతి అమ్మాయి ఒకతి చెప్పింది, తనకి బాగా తెలిసిన తెలుగు మాటల్లో అదొకటి అని. తన ప్రాణ స్నేహితురాలు నల్లమ్మాయి. ఆ అమ్మాయిని ఇంటికి పిలవడం మానేసింది, ఎవరు ఏమంటారోనన్న టెన్షన్‌తో.

ఇక మన రంగు సంగతి. పాప పుట్టగానే ఫోన్లో "రంగెలా ఉంది?" అంటాం. "వాళ్ల నాన్న రంగొచ్చింది, పాపం" అంటాం. ఎండలో ఈతకి వెళ్తే "నల్లబడిపోతావు, లోపలికి రా" అంటాం. ఇందులో ద్వేషం లేదు, నాకు తెలుసు. ప్రేమతోనే అంటాం. కానీ ఆ పిల్ల మర్నాడు స్కూల్లో అదే మాట వేరే నోటి నుంచి, ప్రేమ లేకుండా వింటుంది. ఎవరి వైపు తిరగాలి? ఇంట్లోనూ అదే అన్నారే!

నా ఇంటి సంగతి చెప్తాను. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు అప్పుడు. ఒక సాయంత్రం సింక్ దగ్గర నీళ్లు ఆగకుండా పోతున్నాయి, ఏంటా అని వెళ్లాను. స్టూల్ ఎక్కి నిలబడి, గిన్నెలు తోమే స్క్రబ్బర్‌తో చేతులు రుద్దుకుంటున్నాడు. వేళ్ల వెనక భాగం, కణుపుల దగ్గర, ఎర్రగా కందిపోయింది. "ఏంట్రా ఇది?" అన్నాను. ఆటలో అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలట. పక్కవాడు వీడి చెయ్యి పట్టుకోనన్నాడట, మురికిగా ఉందని. వెళ్లి కడుక్కొచ్చాడట. అయినా పట్టుకోలేదట. మళ్లీ కడుక్కున్నాడట.

నేనేం చేశాను? చేతులకి కొబ్బరినూనె రాశాను. "వాడికి తెలీదు నాన్నా. నువ్వు బాగా చదువు, క్లాసులో ఫస్ట్ రా, ఎవరూ ఏమీ అనరు" అన్నాను. టీచర్‌ని నేను. పిల్లలతో పనిచేసేదాన్ని. నాకు తోచింది అదీ. స్కూలుకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే పెద్దది అవుతుందేమో, వాణ్ని వేరుగా చూస్తారేమో అని.

ఆ సలహా ఎలాంటిదో ఆలోచించండి. ఫస్ట్ వస్తే నీ చెయ్యి పట్టుకుంటారు అని కదా దాని అర్థం? మరి సెకండ్ వస్తే?

స్కూల్ సంగతికొస్తే, ముందు హాజరు పిలిచే చోటు. టీచర్ వరసగా పేర్లు చదువుతుంది. ఒక చోట ఆగుతుంది. ఆ ఆగడం ఎవరి కోసమో క్లాసు మొత్తానికి తెలుసు. ఆ పిల్లాడు తన పేరు వినకముందే "హియర్" అనేస్తాడు. రోజుకి ఏడు పీరియడ్లు, సంవత్సరానికి 180 రోజులు. టీచర్లు చెడ్డవాళ్లు కాదు, నేనూ ఆగేదాన్ని, పోలిష్ పేర్ల దగ్గర, నైజీరియా పేర్ల దగ్గర. తర్వాత నేర్చుకున్నాను. మొదటి రోజే "మీ అమ్మ నిన్ను ఎలా పిలుస్తుందో అలా చెప్పు" అంటాను. రెండుసార్లు పలికి రాసుకుంటాను. అంతే పని.

ఇంకోటి, మనం మురిసిపోయేది. "ఇండియన్ పిల్లలు మ్యాథ్‌లో ఫస్ట్." 1966లో ఒక పత్రికా వ్యాసం జపాన్ సంతతి వాళ్లని మెచ్చుకుంటూ మొదలైన ధోరణి ఇది. ఆ తర్వాత ఆసియా వాళ్లందరికీ అంటింది, మనకీ అంటింది. పొగడ్తలాగే ఉంటుంది. దాని వెనక ఇంకో మాట ఉంది: వీళ్లు పైకి వచ్చారు కదా, నల్లవాళ్లు ఎందుకు రాలేదు? మన పిల్లల్ని ఇంకొకరిని కొట్టే కర్ర చేశారు. పిల్లల వరకూ చూస్తే, మ్యాథ్ రాని తెలుగు పిల్లాడు ఏమవుతాడు? అలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తారు. సాయం అడగరు. అడిగితే తను ఇండియన్ కాకుండా పోతాడు, అటు ఇంట్లోనూ, ఇటు స్కూల్లోనూ.

టీచర్ ఎవరన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నార్త్ కరోలినా విద్యార్థుల మీద చేసి 2017లో బయటపెట్టిన ఒక పరిశోధనలో, మూడు నుంచి ఐదో తరగతి లోపల ఒక్క నల్లజాతి టీచర్ దగ్గర చదివినా, నల్లజాతి పిల్లలు హైస్కూల్ మధ్యలో మానెయ్యడం బాగా తగ్గిందని తేలింది. ఒక్క టీచర్. మన పిల్లల్లో టీచర్ అవుతానన్న వాళ్లని మనం ఏమంటామో గుర్తు చేసుకోండి.

పుస్తకాల్లో మనం ఎక్కడున్నాం? ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. ఆసియా అమెరికన్ల చరిత్ర స్కూళ్లలో చెప్పాలని 2021లో ఇల్లినాయ్ చట్టం చేసింది. 2022 జనవరిలో మన న్యూజెర్సీ చేసింది, దేశంలో రెండోది. కాబట్టి మీకు అడిగే హక్కు ఉంది. పేరెంట్ మీటింగులో గ్రేడ్ల గురించి పది నిమిషాలు అడుగుతారు కదా, ఒక్క నిమిషం ఇది అడగండి: ఈ ఏడాది ఏ తరగతిలో, ఏ పాఠంలో చెప్తున్నారు?

పద్నాలుగేళ్లు దాటాక పిల్లలు ఒక చోట చేరతారు. కెఫెటీరియాలో ఇండియన్ టేబుల్ అని ఒకటి ఏర్పడుతుంది. కొందరు తల్లులకి అది సంతోషం, కొందరికి కంగారు: "మా వాడు అందరితో కలవడం లేదండీ." కలుస్తాడండీ. కాసేపు ఏమీ వివరించక్కర్లేని చోట కూర్చుంటాడు, అంతే. జీన్ ఫిన్నీ అనే సైకాలజిస్టు పిల్లల్ని గమనించి చెప్పింది కూడా ఇలాంటిదే. మొదట పట్టించుకోరు, తర్వాత వెతుక్కుంటారు, ఆ తర్వాత కుదుటపడతారు. ఆ వెతుకులాటలో కొందరు ఒక్కసారిగా తెలుగు నేర్పమంటారు, కొందరు గుడికి రామంటారు. రెండూ ఆ వయసు పనులే. కంగారుపడి తలుపు వేసెయ్యకండి.

2017 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపారు. పక్కనే ఉన్న అలోక్ మాడసాని గాయపడ్డాడు. మా దేశంలోంచి పొండి అని అరిచి కాల్చాడు వాడు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరిగింది? బయట తెలుగు మాట్లాడొద్దు అని. భయం, నాకు అర్థమవుతుంది, నేనూ భయపడ్డాను. కానీ సోమవారం నా ఆఫీసుకి ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి వచ్చాడు. "మా అమ్మ ఫోన్లో తెలుగు మాట్లాడొద్దంది. ఎందుకో చెప్పలేదు" అన్నాడు. వాడు వార్త చూశాడు. వాడికి అన్నీ తెలుసు. ఇంట్లో మాత్రం టీవీ కట్టేశారు. కాల్చినవాణ్ని ఆపబోయి తనూ తూటా తిన్న ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లవాడి గురించి మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఆ మాట వాడికి వాళ్ల అమ్మ నోటి నుంచి వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. మన వీసాల గురించి. 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం లేకపోతే ఈ గదిలో మనం ఉండేవాళ్లం కాదు. ఆ ఏడాది ఆగస్టులో నల్లవాళ్ల ఓటు హక్కుని కాపాడే చట్టం మీద సంతకం పెట్టిన ప్రెసిడెంట్ జాన్సనే అక్టోబరులో మన తలుపు తెరిచిన చట్టం మీదా సంతకం పెట్టాడు. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తూచకూడదన్న వాదన నిలబడే గాలి ఆ రోజుల్లో వీచిందంటే, రోడ్ల మీద దెబ్బలు తిన్న నల్లవాళ్ల వల్ల వీచింది. కారు తలుపు లాక్ చేసే ముందు మన పిల్లలకి ఇది చెప్పి ఉండాల్సింది. నేనూ చెప్పలేదు.

మా అబ్బాయి సంగతి సగంలో వదిలేశాను కదా. వాడికి పందొమ్మిదేళ్లు అప్పుడు, డిసెంబరు సెలవులకి ఇంటికొచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతున్నాడు, నేను తుడుస్తున్నాను. ఉన్నట్టుండి, "అమ్మా, ఆ స్టూల్ ఏమైంది?" అన్నాడు. ఏ స్టూల్ అని నేను అడగలేదు. వాడే అన్నాడు, "ఆ రోజు నీకు చెప్తే నువ్వు ఫస్ట్ రమ్మన్నావు. ఇంక ఆ తర్వాత చెప్పలేదు." కోపంగా అనలేదు. గిన్నె కడుగుతూనే అన్నాడు.

నాకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. మేం ఎంత కష్టపడ్డామో, ఎందుకలా అన్నానో. అన్నీ మింగి, "ఏమేం చెప్పలేదురా?" అని అడిగాను. చేతులు తుడుచుకుని వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. మూడో తరగతితో మొదలుపెట్టాడు. మా ఆయన కూడా లేచి వచ్చి కూర్చున్నారు. వాడు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి తెల్లవారుజామున మూడైంది.

ఇక మీరు మాట్లాడండి. మైకు అటు ఇవ్వండి, ముందు ఆ చివరి వరసకి.